నోట్సు ఫొటోలో కనిపించని పిల్లలు

2020లో స్కూళ్ళు మూసేసిన రోజులు. నాలుగో తరగతి వాట్సాప్ గ్రూపులో నీళ్ళ గురించి పాఠం చెప్పి, ఐదు ప్రశ్నలిచ్చి, జవాబులు నోట్సులో రాసి ఫొటో తీసి పెట్టమన్నాను. సాయంత్రానికి పదకొండు మంది పెట్టారు. ఒక గుంటడు ఎప్పట్లాగే పెట్టలేదు, నేనూ ఎప్పట్లాగే వాడి పేరుకెదురుగా ఇంటూ కొట్టేశాను. రాత్రి తొమ్మిదికి వాళ్ళ మామ్మ ఫోన్లోంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు ముసలమ్మ గొంతు: "మేస్టారు బావూ, ఈడు రాయలేడు గానీ నోటితో అయితే అంతా సెప్పీస్తాడు, ఓపాలి ఇనండి." తర్వాత వాడు. సముద్రం నీళ్ళు ఎండకి ఆవిరైపోడం, మబ్బు కొండకాడ కురవడం, అక్కణ్ణుంచి నాగావళిలోకి, నాగావళిలోంచి తోటపల్లి కాలవలోకి, కాలవలోంచి వాళ్ళ చేలోకి, చేలో నీళ్ళు మళ్ళీ ఎండకి పైకెళ్ళిపోడం, ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు చెప్పేశాడు. తోటపల్లి కాలవ పాఠంలో లేదు, వాడే కలిపాడు. ఇక ఫొటోలు పెట్టిన పదకొండు మందిలో ఎనిమిది మంది జవాబులు గైడులోంచి దింపినవే, అక్షరం తేడా లేదు.

ఆ రాత్రి నుంచి ఈ విషయం నా బుర్ర తొలిచేస్తానే ఉంది. దూరంగా ఉండి చదువు చెప్పడం అనగానే అందరం ఒకటే పాట పాడతాం, ఫోన్లు లేవండీ, సిగ్నల్ లేదండీ అని. నిజమే, కాదనను. కానీ ఈ గుంటడికి ఫోనుంది, సిగ్నలుంది, పాఠం అందింది, బుర్రకి ఎక్కింది కూడా. వాడికి వచ్చు అన్న సంగతే నాకు అందలేదు. అంటే ఇక్కడ ఒక ముడి లేదు, మూడున్నాయి (పెళ్ళి ముళ్ళు కాదులెండి, వలలో పడే ముళ్ళు). పాఠం ఇంటి దాకా వెళ్ళిందా, వెళ్ళింది ఆ పిల్లాడు తీసుకోగలిగేలా ఉందా, పక్కన కూచున్న మనిషెవరు. మొదటి ముడి మీదే మన డబ్బులూ మీటింగులూ అన్నీ అయిపోయాయి, మిగతా రెండూ ఎవరికీ పట్టలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఆ రెండింట్లోనే.

కరోనా అయిపోయింది కదా ఇప్పుడెందుకీ గోల అంటారేమో. మా వైపు స్కూలు మూతపడ్డానికి కరోనాయే రానక్కర్లేదు, వాయుగుండం చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటే లేదు. అదీ పక్కన పెట్టండి, మంచం దిగలేని పిల్లలకి కరోనాకి ముందూ ఇంట్లోనే చదువు, తర్వాతా ఇంట్లోనే. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణలో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలూ, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలున్న పిల్లలూ ఇంటి దగ్గరే చదువుకునే హక్కుందని రాశారు. మనం 2020లో గగ్గోలు పెట్టిన కష్టం వాళ్ళకి ముందునుంచీ మామూలే.

ముందు అసలు ఎవరీ పిల్లలు అన్నదాని దగ్గరే పెద్ద గందరగోళం ఉంది. మా స్టాఫ్ రూములో అడిగితే "సదరం సర్టిఫికెట్ ఉన్నోళ్ళు" అంటారు, అంటే వైకల్యం ఇంత శాతం అని సర్కారు డాక్టర్లు రాసిచ్చిన కాయితం ఉన్నోళ్ళని. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం వచ్చాక అవి 21 అయ్యాయి, ఆటిజం, డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు కూడా అందులోకొచ్చాయి. బాగానే ఉంది. కానీ చదవడం రాయడంలో ఇబ్బందికి సర్టిఫికెట్ ఇవ్వాలంటే రూల్స్ ప్రకారం పిల్లాడికి ఎనిమిదేళ్ళు నిండాలి, మళ్ళీ 14కి ఓసారి, 18కి ఓసారి చూపించుకోవాలి. మరి ఒకటో క్లాసు నుంచి మూడో క్లాసు దాకా వాడి గతేంటి? కాయితం వచ్చేదాకా సాయం చెయ్యకూడదని చట్టంలో ఎక్కడా లేదు, మనమే అలా అనుకుని కూచున్నాం. అసలు ఏ కాయితమూ అక్కర్లేని పిల్లలు కూడా ఉన్నారు, ఇంట్లో సవర (కొండల మీది గిరిజనుల భాష) మాట్లాడి బళ్ళో తెలుగు వినేవాళ్ళు, నాన్న గుజరాత్ వేరావల్‌లో చేపల పడవల మీదకి పోతే ఏడాదిలో సగం తాతమ్మ దగ్గర ఉండేవాళ్ళు. వీళ్ళందరికీ అవసరాలున్నాయి, ఒకరిదొకరికి పోలిక లేదంతే.

మొదటి ముడి గురించి బేగి చెప్పేసి ముందుకెళ్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిందే. అప్పట్లో సప్తగిరి దూరదర్శన్లో పాఠాలు వేశారు, మేము పిల్లల్ని, ఇంట్లో ఫోను, టీవీ ఏది ఉంది ఏది లేదు అన్నదాన్ని బట్టి, హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు లిస్టులు రాశాం. ఆ లిస్టులో పట్టనిది ఏంటంటే, ఫోను ఇంట్లో ఉండడం వేరు, పాఠం టైముకి పిల్లాడి చేతిలో ఉండడం వేరు. ఇంటికి ఒకటే స్మార్ట్ ఫోను, అది నాన్నతో చెన్నై సెంట్రింగ్ పనికి పోద్ది, ఇంట్లో మిగిలేది బటన్ ఫోను. ఉన్నా, ముగ్గురు పిల్లల్లో టెన్త్ వాడికే ముందు, వినికిడి లేని చిన్నదానికి "దానికి ఏటి అర్థమవుద్ది" అని చివర్న. బటన్ ఫోను తక్కువదేం కాదు, టీచరు ఫోన్లోంచి నలుగురైదుగుర్ని కాన్ఫరెన్స్ కాల్లో కలిపి పది నిమిషాలు చదివించొచ్చు, చూపు లేని పిల్లలకైతే అది టీవీ పాఠం కంటే వంద రెట్లు నయం.

ఇక రెండో ముడి, పాఠం ఏ రూపంలో వెళ్తోంది అన్నది. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఒకడికి దారి అయ్యేది ఇంకొకడికి గోడ అవుద్ది.

మనం ఎక్కువగా పంపేది ఏంటి, బోర్డు మీద రాసి ఫొటో తీసి పెడతాం. చూపు లేని పిల్లాడి ఫోన్లో టాక్‌బ్యాక్ అని ఒకటుంటుంది, స్క్రీన్ మీద ఉన్న అక్షరాలు పైకి చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుద్ది. కానీ ఫొటో ముందు చాలా ఫోన్లలో అది చేతులెత్తేస్తుంది, "ఇమేజ్" అని ఊరుకుంటుంది, ఆ ఇమేజ్ లో పాఠం మొత్తం ఉన్నా సరే. పీడీఎఫ్ పంపాం కదా అంటారు, అది పాత డీటీపీ ఫాంట్లో కొట్టిందైతే కంటికి శుభ్రంగా తెలుగులాగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఏవో ఇంగ్లిష్ గుర్తులు, టాక్‌బ్యాక్ దాన్ని చదవబోతే మంత్రాలు వల్లించినట్టుంటుంది. యూనికోడ్లో, అంటే ఇప్పుడు ఫోన్లో మనం టైపు చేసే మామూలు తెలుగులో ఉంటేనే పని జరుగుద్ది. కొంచెం చూపున్న పిల్లలది ఇంకో బాధ, పెద్దది చేసి చూద్దామంటే ఫొటో మసకబారిపోద్ది, అదే టైపు చేసిన మెసేజ్ అయితే ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు.

సరే, అయితే వాయిస్ పంపుదాం. చూపు లేనివాడికి బ్రహ్మాండం, మా నాగావళి గుంటడికి బ్రహ్మాండం, వినికిడి లేని పిల్లకి సున్నా. వీడియో పెడదాం. వినికిడి తక్కువున్న పిల్ల సగం పెదాల కదలిక చూసే అర్థం చేసుకుంటుంది, మనమేమో కిటికీకి వీపు పెట్టి కూచుని మొహం నల్లగా కనిపించేలా తీస్తాం, లేదంటే బోర్డు వైపు తిరిగి మాట్లాడతాం. మిషను పెట్టుకుంది కదా అంటే, చెవి మిషను మాటని ఒక్కదాన్నే పెంచదు, ఫ్యాను చప్పుడు, పక్కింటి టీవీ, రేకుల మీద వాన అన్నీ పెంచేస్తుంది, అందులోంచి ఫోన్ స్పీకర్లో వచ్చే గొంతుని ఏరుకోవడం వరిలో ఊదలు ఏరడం లాంటిది. లాక్‌డౌన్లో ఆ మిషను బ్యాటరీ అయిపోతే టౌనుకెళ్ళి తెచ్చేవాళ్ళు లేక డబ్బాలో దాచేసిన ఇల్లు నాకు తెలుసు. అప్పుడు వాళ్ళమ్మ ఏం చేసిందంటే, పాఠం తనే ముందు వినేసి, పిల్లని గుమ్మంలో వెలుతురు వైపు కూచోబెట్టుకుని, మొహంలో మొహం పెట్టి ఒక్కో వాక్యం నెమ్మదిగా చెప్పేది, చేతికి దొరికిన చెంబూ చాటా చూపించి. ఆవిడ ఐదో క్లాసు ఆపేసింది. నేను చూసిన మంచి టీచర్లలో ఆవిడ ఒకరు.

సైగల భాష వచ్చిన పిల్లలకైతే పుస్తకాలే సైగల్లోకి మార్చాలని కేంద్రం తరఫున బడి పుస్తకాలు తయారుచేసే ఎన్సీఈఆర్టీకీ, ఢిల్లీలో ఉన్న సైగల భాష సంస్థకీ 2020 అక్టోబరులో ఒప్పందం అయింది. మంచి పని. కానీ మన తెలుగు వాచకానికి అది అక్కరకు రాదు, పైగా సైగల భాష అంటే తెలుగు వాక్యాన్ని చేతులతో చెప్పడం కాదు, దానికి దాని వ్యాకరణం ఉంది, ఊళ్ళో అది నేర్పే మనిషి లేకపోతే వీడియో చూసి పిల్ల బొమ్మలాట చూసినట్టే చూస్తుంది.

అయితే టీచరు ఇరవై మందికి ఇరవై రకాలుగా పాఠం తయారు చెయ్యాలా, మేం మనుషులం కాదా అని అడుగుతారు, నేనూ అడిగాను. అక్కర్లేదు. ఒక పాఠం రెండు రూపాల్లో వెళ్తే చాలావరకు సర్దుకుపోద్ది, వినడానికొకటి, చదవడానికొకటి. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తుంటుంది చూడండి, అది నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేసేస్తుంది, మన యాసకి కాస్త తడబడుద్ది గానీ దిద్దుకోవచ్చు. ఆ టైపు చేసింది వినికిడి లేనివాళ్ళకి, అదే టాక్‌బ్యాక్ ద్వారా చూపు లేనివాళ్ళకి, దాని కింద రెండు నిమిషాల వాయిస్ చదవలేనివాళ్ళకి. అరగంట వీడియో తీసి, అది అప్‌లోడ్ అవక రాత్రి పన్నెండు దాకా మేలుకునే కంటే ఇది తేలిక, పిల్లల డేటా కూడా మిగులుద్ది.

చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, క్లాసులో వీళ్ళే ఎక్కువ కనిపిస్తారు, బద్ధకస్తులు అన్న పేరు కూడా వీళ్ళకే. డిస్లెక్సియా అంటే అక్షరాలు తిరగబడి కనిపించడం అని సినిమా జ్ఞానం ఒకటుంది. అసలు సంగతి అది కాదు. మనకి అక్షరానికీ శబ్దానికీ లంకె గట్టిది, ఇంగ్లిష్ లాగా రాసేదొకటి పలికేదొకటి కాదు, అందుకే మన పిల్లాడు తప్పు చదవడం కంటే బాగా నెమ్మదిగా చదవడం ఎక్కువ. కూడబలుక్కుని కూడబలుక్కుని వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. రాతలో ఒత్తులు ఎగిరిపోతాయి, "అమ్మ" కాస్తా "అమ" అవుద్ది, గుణింతాల్లో దీర్ఘాలు పోతాయి, ప, వ, ష, మ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, అదే గుంటడు లెక్క నోటితో అడిగితే టక్కున చెప్పేస్తాడు. క్లాసులో అయితే మొహం చూసి పట్టుకుంటాం. ఫోన్లో మనకి కనిపించేది నోట్సు ఫొటో ఒక్కటే, అంటే వాడికి చేతకాని పని ఒక్కటే మనకి కనిపిస్తుంది, చేతనైనవి ఏవీ కనిపించవు. నేను వాడికి కొట్టిన ఇంటూలన్నీ ఆ లెక్కలోవే.

దీనికి ఇంటి దగ్గర ఏం చెయ్యొచ్చంటే, రోజుకో అక్షరం, మహా అయితే రెండు, పళ్ళెంలో ఇసక పోసి వేలితో పెద్దగా రాయిస్తూ పైకి అనిపించడం. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పనిచేస్తాయి. వెనకటి వీధిబళ్ళల్లో ఇసకలో ఓనమాలు దిద్దించిన పద్ధతే, దానికి ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లు పెట్టి ట్రైనింగులు ఇస్తున్నారు. వరసలు కలిసిపోకుండా చదివే లైను కింద స్కేలు పెట్టడం, ముందు మనం చదివితే వెనక వాడు చదవడం. అన్నిటికంటే ముఖ్యం జవాబు వాయిస్లో తీసుకోవడం, రాత ప్రాక్టీసు వేరేగా పెట్టుకోవడం. రెండూ ఒకేసారి అడిగితే రెండూ పోతాయి.

నిలకడ లేని పిల్లలకి టైమే పెద్ద తగాదా. కేంద్రం 2020 జులైలో ప్రజ్ఞాత అని గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకి రోజుకి రెండు ఆన్‌లైన్ క్లాసులు మించొద్దు, ఒక్కోటీ 30 నుంచి 45 నిమిషాలు అని. ప్రైవేటు స్కూళ్ళు కొన్ని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూచోబెట్టేసిన సంగతి మీకూ తెలుసు. ఏడీహెచ్‌డీ ఉన్న గుంటడికి ఆ 30 నిమిషాలు కూడా ఎక్కువే. ఏడెనిమిది నిమిషాల ముక్క, ఆ తర్వాత బోరింగు దగ్గరికెళ్ళి బిందె పట్టుకురమ్మనడం, మళ్ళీ ఇంకో ముక్క. వాయిస్ పాఠమైతే అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ వినొచ్చు, కూచుంటేనే చదువు అని వేదంలో రాయలేదు.

ఆటిజం ఉన్న పిల్లలకి స్కూలు ఆగిపోవడమే పెద్ద దెబ్బ, పాఠం సంగతి తర్వాత. మా కొలీగ్ క్లాసులో ఒకబ్బాయి లాక్‌డౌన్లో కూడా తొమ్మిదయ్యేసరికి యూనిఫాం వేసుకుని బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడేవాడట, ఆటో రాకపోతే తల గోడకేసి కొట్టుకునేవాడట. చివరికి వాళ్ళ నాయనమ్మ స్టీలు పళ్ళెం మీద గరిటెతో గంట కొట్టడం మొదలెట్టింది. గంట కొట్టగానే చాప మీద కూచోవాలి, రెండో గంటకి అన్నం, మూడో గంటకి ఆట. గోడ మీద చాప బొమ్మ, పళ్ళెం బొమ్మ, బంతి బొమ్మ వరసగా బొగ్గుతో గీసి పెట్టారు. రెండు వారాలకి తల కొట్టుకోవడం తగ్గింది. స్పెషల్ టీచర్లు దీన్నే బొమ్మల టైంటేబుల్ అంటారు, ఆ ముసలావిడకి ఆ పేరు తెలీదు.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి ఫోన్ పాఠం దాదాపు వృథా అని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే. వాళ్ళకి ఇంటి పనిలోనే లెక్క ఉంది, పదేసి కుప్పలు పెట్టడం, పెద్దవీ చిన్నవీ వేరు చెయ్యడం, నాలుగు గ్లాసులు నలుగురికి. పలాస వైపు జీడిపిక్కలు ఇంటింటా ఉంటాయి కదా లెక్కకి పనికొస్తాయని ఒక టీచరమ్మ సలహా ఇచ్చింది, దయచేసి పచ్చి జీడిపిక్కలు మాత్రం పిల్లల చేతికివ్వకండి, పెచ్చులో ఉండే జీడి తగిలితే చర్మం కాలిపోద్ది. చింతపిక్కలు బంగారంలాంటివి.

మూడో ముడి ఇప్పటికే మధ్యమధ్యలో వచ్చేసింది చూశారా, మామ్మ, అమ్మ, నాయనమ్మ. ఇంటి మనిషి లేకుండా ఈ పిల్లలకి దూరం చదువు లేదు. కానీ మనం ఆ మనిషికి ఏం చెప్పాం? "మీవాడికి హోంవర్క్ చేయించండి" అన్నాం. పొద్దున్నే జీడి బట్టీకో ఉపాధి పనికో పోయి సాయంత్రం వచ్చే మనిషికి అది గుదిబండ. "రాత్రి అన్నం తినేటప్పుడు వాణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడగండి, వాడు చెప్పింది ఫోన్లో పెట్టండి" అంటే చేస్తారు. నడవలేని పిల్లలకి ఫిజియోథెరపీ కూడా అంతే, క్యాంపుకి తీసుకెళ్ళే దారి లేనప్పుడు వీడియో కాల్లో ఒక్క ఎక్సర్‌సైజు, ఎక్కడ పట్టుకోవాలో ఎన్నిసార్లు చెయ్యాలో చూపించి, అమ్మ చేత చేయించి చూసి, తర్వాతి వారం ఇంకోటి. మండలాల్లో ఈ పిల్లల కోసమే పెట్టిన భవిత కేంద్రాలున్నాయి, అక్కడి స్పెషల్ టీచర్లు ఇంటికి వచ్చి కూడా చెప్తారు. కానీ మండలం మొత్తానికి ఒకరో ఇద్దరో, ఒక్కో ఇంటికి ఎన్నిసార్లు రాగలరు? అందుకే వాళ్ళొచ్చిన రోజున పిల్లాణ్ణి అప్పజెప్పి మన పనికి మనం పోకుండా, పక్కనే కూచుని వాళ్ళు చేసేది నేర్చేసుకోవాలి. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకి సమగ్ర శిక్ష అనే సర్కారు పథకంలో నెలకి 200 రూపాయలు స్టైపెండు కూడా ఉంది, చిన్న మొత్తమే, అడక్కపోతే అదీ రాదు.

భాష గురించి ఒక్క మాట చెప్పకపోతే మా ఊళ్ళ సంగతి పూర్తవదు. సీతంపేట కొండల్లో గుంటడికి ఇంట్లో సవర. క్లాసులో అయితే టీచరు సైగ చేస్తాడు, పక్కనున్నవాడు సవరలో చెప్పేస్తాడు, ఎలాగో లాగేస్తాడు. టీవీ పాఠంలో ఆ పక్కవాడు లేడు. వాడికి తెలివి తక్కువని టీచరు అనుకుంటే, లేని జబ్బు అంటగట్టినట్టే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకుని, సవరలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టారు, ఆ అడవుల్లో తిరిగి జ్వరాలొచ్చి క్వినైన్ వాడి వాడి చెవుడు తెచ్చుకున్నారు. వినికిడి పోయాక కూడా భాషల పని మానలేదాయన, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా స్కూళ్ళల్లో ఆయన ఫొటోకి దండ వేస్తాం, సవర పిల్లలకి మాత్రం తెలుగు వాయిసే పంపుతాం. అదే గూడెంలో తొమ్మిదో పదో చదివే అక్కతోనో అన్నతోనో ఆ పాఠం సవరలో చెప్పించి రికార్డు చేయిస్తే పోయేదేముంది.

చివర్న పరీక్షల సంగతి. బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతం, ఆపైన ఉండి రాతలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి కూడా ఇవ్వాలని 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాశారు. ఇవి టెన్త్ హాల్ టికెట్ వచ్చాక అడిగితే కంగారే, తొమ్మిదిలో ఉండగానే కాయితాలు సర్దుకోవాలి. చిన్న క్లాసుల్లో అయితే ఏ కాయితమూ వద్దు, నోటితో పరీక్ష పెట్టడానికి టీచరు ఒప్పుకుంటే చాలు.

నా రిజిస్టరులో వాడి వరసలో ఇంటూలు తీసెయ్యలేదు, పక్కన ఇంకో గడి గీశాను, "చెప్పాడు" అని. స్కూళ్ళు తెరిచాక వాడు ఒత్తులు నేర్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది, ఇప్పటికీ "నాగావళి" అని రాసేటప్పుడు ఒక దీర్ఘం మింగేస్తాడు. హైస్కూలుకి వెళ్ళిపోయాక కూడా అప్పుడప్పుడు రాత్రి తొమ్మిదికి వాయిస్ వస్తుంది, సైన్సు పాఠం, వెనకాల మామ్మ గొంతు, "గట్టిగా సెప్పరా, మేస్టారికి ఇనపడాలి" అని.